బడి మూసే వారం నుంచి తెరిచే రోజు దాకా: ప్రైమరీ పిల్లల వేసవిని ఎలా నడపాలి

సెలవులు దగ్గర పడుతున్నాయంటే తల్లిదండ్రుల మాటలు రెండు రకాలుగా వినిపిస్తాయి. "ఏడాదంతా కష్టపడ్డాడు, ఈ నాలుగు రోజులూ హాయిగా ఉండనీ" అని పూర్తిగా వదిలేసేవాళ్లు కొందరు. "ఇప్పుడు పట్టుకోకపోతే వచ్చే క్లాసులో వెనకబడిపోతుంది" అన్న టెన్షన్‌తో వర్క్‌బుక్కులు కొని, గంటల లెక్కన టైంటేబుల్ రాసి గోడకు అంటించేవాళ్లు ఇంకొందరు. ప్రైమరీ క్లాసులు చెప్పే టీచరుగా, ఇద్దరు పిల్లల తల్లిగా నేను ఈ రెండూ చేసి చూశాను. గోడ మీది టైంటేబుల్ మా ఇంట్లో పది రోజులు కూడా నిలవలేదు. పూర్తిగా వదిలేసిన ఏడాదేమో, బడి తెరిచాక పొద్దున్నే లేవడం దగ్గరే మూడు వారాలు ఏడుపులు.

చివరికి మా ఇంట్లో నిలబడిన పద్ధతి ఇదీ: రోజూ మూడు పనులు మాత్రం తప్పకుండా జరగాలి. కాసేపు పుస్తకం, వేళకు నిద్ర, ఒళ్లు అలిసేలా బయట ఆట. మిగతావన్నీ ఆ రోజు ఎలా కుదిరితే అలా. ఈ మూడూ నిలవాలంటే సెలవుల్లో కాదు, బడి మూసే ముందే కొన్ని పనులు మొదలుపెట్టాలి. అక్కడి నుంచే వరసగా చెబుతాను.

మొదటి పని: టీచర్‌ని మూడు ప్రశ్నలు అడగండి

బడి మూయడానికి రెండు వారాల ముందు క్లాస్ టీచర్‌తో పది నిమిషాలు మాట్లాడండి. చివరి రోజు అడిగితే ఆ హడావిడిలో ఎవరూ సరిగ్గా చెప్పలేరు. మీ పిల్ల ఎక్కడ తడబడుతోందో, ఎక్కడ కళ్లు మెరుస్తాయో ఈ లోకంలో అందరికన్నా బాగా తెలిసిన మనిషి ఈ రెండు వారాలూ మీకు అందుబాటులో ఉంటుంది. కొత్త టీచర్‌కి అదంతా తెలియడానికి మళ్లీ రెండు మూడు నెలలు పడుతుంది.

"మా అబ్బాయి ఎలా చదువుతున్నాడు టీచర్ గారూ?" అని అడిగితే "బాగానే చదువుతున్నాడండీ" అన్న జవాబే వస్తుంది. దాంతో ఇంట్లో మీరు చేయగలిగింది ఏమీ ఉండదు. ఇలా అడగండి.

"వచ్చే క్లాసులో బాగా అవసరమయ్యేది, వీడికి ఇంకా గట్టిపడనిది ఏదైనా ఒక్కటి చెప్పండి." ఒక్కటే అడగండి. పది చెబితే ఇంట్లో ఏదీ జరగదు. "అప్పు తెచ్చుకుని చేసే తీసివేతలో తడబడుతున్నాడు", "చదివింది సొంత మాటల్లో చెప్పలేకపోతోంది" లాంటి స్పష్టమైన జవాబు వస్తే వేసవికి మీ దారి దొరికినట్టే.

"తనంతట తాను, ఎవరి సాయమూ లేకుండా చదవగలిగే పుస్తకాలు ఎలాంటివి?" ఏ పుస్తకం ఇవ్వాలో తెలియక చాలా ఇళ్లలో మరీ కష్టమైనవి కొంటారు. రెండో పేజీలోనే అవి మూతపడతాయి.

"క్లాసులో చెప్పకుండానే ఇష్టంగా చేసేది ఏమిటి?" ఈ మూడో ప్రశ్న చాలామంది అడగరు. నాకైతే అన్నిటికన్నా ఇదే ముఖ్యం అనిపిస్తుంది. ఇంట్లో నోరు విప్పని పిల్ల క్లాసులో చిన్నవాళ్లకు కథలు చెబుతూ ఉండొచ్చు. ఇంట్లో అన్నీ విరగ్గొట్టే పిల్లవాడు క్లాసులో సైన్సు సామాన్లు పద్ధతిగా సర్దుతూ ఉండొచ్చు. మీకు తెలియని మీ పిల్లల ముఖం ఒకటి ఆ జవాబులో కనిపిస్తుంది.

పిల్లలకు స్పీచ్ థెరపీ లాంటి ప్రత్యేక సాయం బడిలో అందుతుంటే, సెలవుల్లో ఇంట్లో ఏవి కొనసాగించాలో ఆ నిపుణుల దగ్గర విడిగా రాయించుకోండి. ఈ విషయంలో పెద్ద విరామం మంచిది కాదు.

రెండో పని: బడిలో ఉండిపోయినవి, బడికి తెలియాల్సినవి

ఇది త్వరగా అయిపోయే పనే, కానీ మరిచిపోతే ఇబ్బంది. లైబ్రరీ పుస్తకాలు తిరిగి ఇచ్చేయండి. పోయిన వస్తువులు పెట్టే పెట్టె దగ్గరికి ఒకసారి వెళ్లి చూడండి. స్వెటర్, వాటర్ బాటిల్, లంచ్ బాక్స్ మూత అన్నీ అక్కడే ఉంటాయి. ఆస్తమా ఇన్‌హేలర్, అలర్జీ మందు లాంటివి బడిలో ఉంచితే చివరి రోజున తప్పకుండా ఇంటికి తెచ్చి, వాటి మీద గడువు తేదీ చూడండి. ఫోన్ నంబరు, అడ్రసు మారితే ఆఫీసులో చెప్పండి. బడి ఎప్పుడు తెరుస్తారో, కొత్త క్లాసు వివరాలు ఎప్పుడు చెబుతారో అడిగి క్యాలెండర్‌లో రాసుకోండి.

చివరి రోజుల్లో బడి త్వరగా వదిలేస్తుంటారు. పిల్లల్ని ఎవరు తీసుకొస్తారన్నది ముందే అనుకోండి. నా క్లాసు బయట ప్రతి ఏడూ ఒకరో ఇద్దరో పిల్లలు బ్యాగు ఒళ్లో పెట్టుకుని గేటు వైపే చూస్తూ కూర్చుంటారు. అరగంటే కావచ్చు, ఆరేళ్ల పిల్లకు అది చాలా పెద్ద అరగంట.

ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇంట్లో అయితే సెలవుల వారాలన్నీ ఒక కాగితం మీద గీసి, ఏ వారం పిల్లలు ఎవరి దగ్గర ఉంటారో రాయండి. ఖాళీగా ఉన్న వారాలు కంటికి కనబడితేనే దారి వెతుకుతాం. అదే పరిస్థితిలో ఉన్న ఇంకో రెండు కుటుంబాలతో మాట్లాడి, "ఈ రోజు మీ ఇంట్లో, రేపు మా ఇంట్లో" అని పంచుకోవడం నేను చూసిన వాటిలో అందరికీ నచ్చిన పద్ధతి.

మూడో పని: ప్రోగ్రెస్ కార్డు చూసే పద్ధతి

కార్డు వచ్చిన రోజు పిల్లల ముందు చదివేటప్పుడు, మీ కళ్లు ముందు ఎక్కడ ఆగుతాయో వాళ్లు గమనిస్తూనే ఉంటారు. తక్కువ మార్కు దగ్గరికి మీ వేలు వెళ్లిందంటే, మిగతా కార్డంతా వాళ్లకు ఆ ఒక్క గీతే. కాబట్టి మీరు ముందు ఒంటరిగా చదివేసుకోండి. తర్వాత పిల్లతో కూర్చుని, ఏడాది మొదట్లో రాసిన నోటు పుస్తకం, చివర్లో రాసిన నోటు పుస్తకం పక్కపక్కనే తెరవండి. మారిన చేతిరాత, పెరిగిన వాక్యాల పొడవు వాళ్లే చూసి నవ్వుతారు. ఎంత ఎదిగారో చెప్పడానికి ఏ అంకె కన్నా ఆ రెండు పేజీలు మేలు.

ఏడాది నోటు పుస్తకాలన్నీ దాచక్కర్లేదు. పిల్లలనే ఓ అయిదు పనులు ఎంచుకోమనండి: ఒక బొమ్మ, ఒక కథ, కష్టపడి చేసిన ఒక లెక్క, ఇలా. వాటి వెనక తేదీ రాసి ఒక ఫైలులో పెట్టండి.

చివరి వారంలో కొందరు పిల్లలు కారణం లేకుండా ఏడుస్తారు, చిరాకు పడతారు. ఇష్టమైన టీచర్‌ని, పక్కన కూర్చునే ఫ్రెండ్‌ని విడిచిపెట్టే బాధ అది. "సెలవులొస్తుంటే ఏడుస్తావేంటి" అనకండి. ఫ్రెండ్ వాళ్ల ఇంటి ఫోన్ నంబరు తీసుకోండి, సెలవుల్లో ఎప్పుడు కలుస్తారో ఒక రోజు చెప్పండి. టీచర్‌కి రెండు వాక్యాల ఉత్తరం రాయించండి. "మీరు నాకు ఫలానాది నేర్పించారు" అని పిల్ల చేత్తో రాసిన కాగితం కన్నా విలువైన బహుమతి ఏ టీచర్‌కీ ఉండదు. నా బీరువాలో అలాంటివి ఒక కట్ట ఉంది.

నాలుగో పని: మొదటి వారం ఏమీ చేయకండి

నిజంగానే. పిల్లలు అలిసిపోయి ఉంటారు. లేటుగా లేస్తారు, నేల మీద పడుకుని పైకప్పు చూస్తారు, తోబుట్టువులతో గొడవ పడతారు. అది సహజం. రెండో వారం నుంచి పుస్తకం, నిద్ర, ఆట అనే ఆ మూడు పనులు మొదలుపెట్టండి. గడియారం లెక్కన వద్దు, రోజులో జరిగే పనులకు ముడివేయండి. "పొద్దున టిఫిన్ అయ్యాక లెక్కల ఆట, సాయంత్రం ఎండ తగ్గాక బయటికి, రాత్రి పడుకునే ముందు పుస్తకం" అంటే పిల్లలకు గుర్తుంటుంది. పదిన్నరకు ఒకటి, పదకొండుకు ఒకటి అంటే ఒక్కటి తప్పినా రోజంతా పోయిందనిపిస్తుంది.

అయిదో పని: పుస్తకం

వేసవిలో పిల్లలు నేర్చుకున్నది మరిచిపోతారా అన్న విషయం మీద చాలా పరిశోధన జరిగింది. అమెరికాలో హ్యారిస్ కూపర్ బృందం 1996లో 39 అధ్యయనాలను కలిపి చూసి, సెలవుల తర్వాత పిల్లలు సగటున ఒక నెల చదువంత వెనక్కి వెళ్తున్నారని చెప్పింది. చదవడం కన్నా లెక్కలు చేయడం, స్పెల్లింగ్ ఎక్కువ దెబ్బతింటాయని కూడా గుర్తించింది. తర్వాత వచ్చిన పరిశోధనల్లో కొన్నిట్లో ఈ నష్టం చాలా తక్కువగా కనిపించింది. ఏ పరీక్షతో, ఎలా కొలిచారన్న దాన్ని బట్టి ఫలితం మారుతోందని తేలింది. కాబట్టి భయపడాల్సిన పని లేదు, అలాగని పూర్తిగా వదిలేయాల్సిందీ కాదు.

నాకు బాగా నచ్చిన అధ్యయనం ఇంకొకటి ఉంది. రిచర్డ్ ఆలింగ్టన్, ఆన్ మెక్‌గిల్-ఫ్రాంజెన్, వాళ్ల సహచరులు కలిసి ఫ్లోరిడాలో పేద కుటుంబాల ప్రైమరీ పిల్లలకు వరసగా మూడు వేసవులు, ఏటా 12 పుస్తకాల చొప్పున ఇచ్చారు. పుస్తకాలు పిల్లలే ఎంచుకున్నారు. పుస్తకాలు అందని పిల్లలతో పోలిస్తే వీళ్ల చదివే శక్తి మెరుగుపడిందని 2010లో ప్రచురించారు. క్లాసులు పెట్టలేదు, పరీక్షలు పెట్టలేదు. నచ్చిన పుస్తకం చేతిలో ఉంది, అంతే.

మీ ఇంట్లో ఇది ఇలా చేయొచ్చు.

పిల్లల్ని లైబ్రరీకో, పుస్తకాలు ఇచ్చిపుచ్చుకునే బంధువుల ఇంటికో తీసుకెళ్లి వాళ్లనే ఎంచుకోనివ్వండి. బొమ్మల కథలు, డైనోసార్ల పుస్తకాలు, జోకుల పుస్తకాలు ఏవైనా సరే. నిరుడు చదివిందే మళ్లీ తెచ్చుకున్నా సరే. చదివిన పుస్తకాన్ని మళ్లీ చదివే పిల్లలు వేగం, ధారాళం రెండూ పెంచుకుంటారు.

కష్టమా కాదా అని చూడడానికి ఒక తేలిక ఉపాయం ఉంది. మధ్యలో ఒక పేజీ తీసి చదవమనండి. తెలియని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు ముడవాలి. పేజీ పూర్తయ్యేసరికి అయిదు వేళ్లూ ముడుచుకుంటే ఆ పుస్తకం ఇప్పుడే వద్దు, లేదా మీరు చదివి వినిపించేదిగా పెట్టుకోవాలి. ఒకటి నుంచి మూడు వేళ్లయితే సరిగ్గా సరిపోతుంది.

చదివి వినిపించడం మాత్రం ఆపకండి. "మూడో క్లాసుకొచ్చింది, ఇక తనే చదువుకుంటుంది" అని చాలామంది మానేస్తారు. ఈ వయసులో పిల్లలు తాము చదవగలిగే దానికన్నా కష్టమైన కథను విని అర్థం చేసుకోగలరు. మీరు చదివే పెద్ద కథలోంచే వాళ్లకు కొత్త మాటలు వస్తాయి. రోజుకు పావుగంట చాలు. ఇంట్లో మాట్లాడే భాష ఒకటి, బడి భాష ఇంకొకటి అయితే, మీకు బాగా వచ్చిన భాషలోనే చదవండి, కథలు చెప్పండి. ఒక భాషలో పెరిగిన ఊహ, కథ పట్టుకునే నేర్పు రెండో భాషకూ పనికొస్తాయి.

చదివాక ప్రశ్నపత్రం పెట్టకండి. "నీతి ఏమిటి?" అని అడిగిన క్షణంలో పిల్ల ముఖం వాడిపోవడం నేను ఎన్నోసార్లు చూశాను. "నాకు ఆ ముసలాయన మీద కోపం వచ్చింది, నీకో?" అని మీ మాట మీరు చెప్పండి. వాళ్ల మాట అదే బయటికొస్తుంది.

చదవాలంటేనే పారిపోయే పిల్లవాడుంటే, ఒక పేజీ మీరు, ఒక పేజీ వాడు చదవండి. లేదా వాడికన్నా చిన్నవాళ్లకు చదివి వినిపించమనండి. చిన్న చెల్లికి తప్పులు తెలియవు కాబట్టి వాడికి సిగ్గు ఉండదు. అలా ధైర్యం తెచ్చుకున్న పిల్లలు నా క్లాసులోనే నలుగురైదుగురు ఉన్నారు. కళ్లు మసకగా ఉన్నాయంటున్నా, అక్షరాలు కలుస్తున్నాయంటున్నా, ఏడాదంతా ప్రయత్నించినా అక్షరాలూ శబ్దాలూ జతపడకపోతున్నా సెలవుల్లోనే కంటి పరీక్ష చేయించండి, టీచర్‌తో మాట్లాడి నిపుణులకు చూపించండి. దాన్ని బద్ధకం అనుకుని ఇంకో ఏడాది పోగొట్టకండి.

ఆరో పని: లెక్కలు, రోజుకు పది నిమిషాలు

ఆదివారం ఒక్కరోజే గంటసేపు లెక్కలు చేయించడం కన్నా, రోజూ పది నిమిషాలు మేలు. జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ తన మీద తానే ప్రయోగాలు చేసుకుని, ఒకేసారి కూర్చుని బట్టీ పట్టిన దానికన్నా రోజులు విడదీసి చదివింది ఎక్కువగా నిలుస్తుందని 1885లోనే రాశాడు. ఆ తర్వాత ఎన్నోసార్లు ఇది రుజువైంది.

ఒకటి, రెండు క్లాసుల పిల్లలకైతే పదికి జతలు: 7కి ఎంత కలిపితే 10? 4కి? మెట్లు ఎక్కుతూ, బస్సు కోసం ఎదురుచూస్తూ నోటితో అడగండి. ఈ జతలు వేళ్లు చూడకుండా చెప్పగలిగితే తర్వాతి కూడికలన్నీ తేలికవుతాయి.

మూడు, నాలుగు క్లాసుల పిల్లలకు ఎక్కాలు పెద్ద కొండలా కనిపిస్తాయి. ఆ కొండ ఎంత చిన్నదో చూపించండి. 1 నుంచి 10 దాకా ఎక్కాలు మొత్తం 100 గుణకారాలు. 3×7, 7×3 ఒకటే కాబట్టి, తిరగేసినవి తీసేస్తే 55 మిగులుతాయి. 1, 2, 5, 10 ఎక్కాలు చాలామందికి వచ్చు. అవి కూడా తీసేస్తే మిగిలేవి 21 మాత్రమే. నిజంగా నేర్చుకోవాల్సింది ఆ 21. వాటిని చిన్న చీటీల మీద రాయండి, వెనకవైపు జవాబు రాయండి. వారానికి మూడు కొత్త చీటీలు, పాతవాటితో కలిపి రోజూ ఒకసారి ఆడండి. వచ్చిన చీటీ ఒక డబ్బాలోకి, తడబడిన చీటీ ఇంకో డబ్బాలోకి. ఏడు వారాల్లో 21 అయిపోతాయి. 100 గళ్ల పట్టిక గీసి, వచ్చినవాటికి రంగు వేసుకుంటూ పోతే పిల్లలకు తాము ఎంత దూరం వచ్చామో కళ్ల ముందే ఉంటుంది. క్లాసులో ఈ పట్టిక మొదటిసారి వేసిన రోజు, "ఇంతేనా మేడమ్?" అని వెనక బెంచీ పిల్లవాడు అడిగిన గొంతు నాకింకా గుర్తుంది.

అయిదో క్లాసుకు దగ్గరవుతున్న వాళ్లకు భాగహారం, భిన్నాలు. కాగితాన్ని సగం, పావు, అరపావు మడతపెట్టి చూపించండి. మూడింట ఒకటి పెద్దదా, నాలుగింట ఒకటి పెద్దదా అని అడగండి. నాలుగు పెద్ద అంకె కదా అని పొరబడే పిల్లలు చాలామంది. మడత పెట్టిన కాగితం ఆ పొరపాటును మాటలకన్నా బాగా పోగొడుతుంది. ప్రయాణానికి ఎన్ని గంటలు పడుతుందో, ఏ టైముకు బయల్దేరాలో వాళ్లనే లెక్క వేయమనండి. పాచికలు, పేక ముక్కలతో ఆడే ఆటలన్నీ లెక్కలే.

ఇంతకుముందు టీచర్ చెప్పిన ఆ ఒక్క తడబాటు ఉంది కదా, వారంలో రెండు రోజులు ఈ పది నిమిషాలూ దానికి ఇవ్వండి.

రాయడానికి వేరే పాఠం వద్దు. దూరంగా ఉన్న తాతకో అత్తకో వారానికి ఒక ఉత్తరం, ఇంటికి కావాల్సిన సరుకుల చీటీ, తాము కనిపెట్టిన ఆట నియమాలు. ఎవరికోసం రాస్తున్నామో తెలిసిన రాతలో పిల్లలు శ్రద్ధ పెడతారు.

ఏడో పని: నిద్ర, ఆట, ఫోను

ఈ మూడూ ఒకదానికొకటి ముడిపడినవే కాబట్టి కలిపే చెబుతాను.

6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో చెప్పింది. సెలవుల్లో పడుకునే వేళ కాస్త జరగడంలో తప్పులేదు. గంట దాటి జరగకుండా చూసుకోండి. రాత్రి పడుకునే వేళ కన్నా పొద్దున లేచే వేళను పట్టుకోవడం తేలిక. రోజూ దాదాపు ఒకే వేళకు లేస్తే రాత్రి నిద్ర దానంతట అదే ముందుకొస్తుంది.

5 నుంచి 17 ఏళ్ల వాళ్లకు రోజుకు సగటున కనీసం 60 నిమిషాలు ఒళ్లు కదిలే ఆట కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. బయట ఆడడంలో కళ్లకూ మేలుంది. చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒకటో క్లాసు పిల్లలకు బడి రోజుల్లో అదనంగా 40 నిమిషాలు ఆరుబయట గడిపే పీరియడ్ పెట్టి మూడేళ్లు గమనించారు. ఆ పీరియడ్ లేని బడుల్లో 39.5 శాతం మందికి హ్రస్వదృష్టి (దూరంగా ఉన్నవి మసకగా కనిపించడం) వస్తే, ఉన్న బడుల్లో 30.4 శాతం మందికి వచ్చింది. 2015లో ఈ ఫలితాలు ప్రచురించారు. అంటే సాయంత్రం వెలుగు ఉండగా పిల్ల బయట ఊరికే తిరిగినా కంటికి మంచిదే.

ఫోను, టీవీ విషయంలో నిమిషాలు లెక్కపెట్టడం కన్నా వరస పెట్టడం మా ఇంట్లో బాగా పనిచేసింది. పుస్తకం, లెక్కల ఆట, బయట ఆట, తన వంతు ఇంటి పని అయ్యాకే స్క్రీన్. భోజనం దగ్గర వద్దు. పడుకునే గంట ముందు వద్దు. రాత్రి ఫోన్లన్నీ పడకగది బయటే ఛార్జింగ్. ఈ చివరి నియమం పెద్దవాళ్లకూ వర్తించాలి, లేకపోతే పిల్లలు నమ్మరు. వారానికి ఒకసారైనా వాళ్లు చూసేది పక్కన కూర్చుని మీరూ చూడండి. ఏం చూస్తున్నారో తెలుస్తుంది, మాట్లాడుకోవడానికి ఒక విషయమూ దొరుకుతుంది.

ఎనిమిదో పని: నీళ్లు, ఎండ

ఇక్కడ మాత్రం సర్దుబాటు లేదు.

మునిగిపోతున్న పిల్లలు అరుస్తారని, చేతులు ఊపుతారని అనుకుంటాం. నిజానికి వాళ్లకు ఊపిరి తీసుకోవడానికే నోరు చాలదు, అరవలేరు. చేతులు నీటిని కిందికి నొక్కుతూ ఉంటాయి, పైకెత్తి పిలవలేరు. చప్పుడు లేకుండా, పక్కనే పెద్దవాళ్లుండగానే ప్రమాదం జరిగిపోతుంది. పదిమంది పెద్దలున్న చోట "ఎవరో ఒకరు చూస్తున్నారులే" అనుకోవడమే అసలు ప్రమాదం. అందుకే పేరు పెట్టి ఒకరికి అప్పగించండి: "ఈ పావుగంట పిల్లల్ని చూసేది నువ్వే." ఆ పావుగంట ఆ మనిషి చేతిలో ఫోను ఉండకూడదు, కబుర్లు ఉండకూడదు. తర్వాత నోటితో చెప్పి ఇంకొకరికి అప్పగించాలి. ఈత సరిగ్గా రాని పిల్లలున్నప్పుడు చెయ్యి చాపితే అందేంత దూరంలో, నీళ్లలోనే ఉండాలి. గాలి నింపిన ట్యూబులు, చేతి బెలూన్లు ఆటబొమ్మలే, ప్రాణం కాపాడే సాధనాలు కావు. పడవ ఎక్కితే ఒంటికి సరిపోయే లైఫ్ జాకెట్ వేయాల్సిందే. ఈత నేర్పించడానికి ఈ సెలవులు మంచి సమయం, కానీ ఈత వచ్చిన పిల్లనూ ఒంటరిగా వదలకూడదు.

ఎండ విషయానికొస్తే, పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగు దాకా నీడలో ఉండే ఆటలు పెట్టుకోండి. దాహం వేసే దాకా ఆగకుండా ఆట మధ్యలో పిలిచి నీళ్లు తాగించండి. సన్‌స్క్రీన్ వాడేవాళ్లు ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకన్నా ఎక్కువది రాసి, రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. తలనొప్పి, వికారం, బాగా చెమట, నీరసం ఉంటే వెంటనే నీడలోకి తీసుకొచ్చి బట్టలు వదులు చేసి, నీళ్లు కొద్దికొద్దిగా పట్టండి. మాట తడబడుతున్నా, అయోమయంగా ప్రవర్తిస్తున్నా, స్పృహ తప్పినా, ఒళ్లు 40 డిగ్రీల దాకా కాలిపోతున్నా అది వడదెబ్బ. అత్యవసర సాయానికి ఫోన్ చేయండి, వాళ్లు వచ్చేలోగా చల్లని నీళ్లతో ఒళ్లు తడపండి. స్పృహలో లేని పిల్లల నోట్లో నీళ్లు పోయకండి.

ఆగి ఉన్న కారులో పిల్లల్ని ఒక్క నిమిషం కూడా వదలొద్దు. ఎండలో ఉన్న కారు లోపలి వేడి 10 నిమిషాల్లోనే సుమారు 11 డిగ్రీలు పెరుగుతుంది. అద్దం కాస్త దించినా పెద్ద తేడా ఉండదు. ఇంటి దగ్గర ఆగి ఉన్న కారుకు తాళం వేసే ఉంచండి, ఆటలో భాగంగా లోపలికి దూరి ఇరుక్కుపోయే పిల్లలున్నారు.

మీ ఫోన్ నంబరు పిల్లలకు నోటికి రావాలి. పాటలా పాడించండి, రెండు రోజుల్లో వచ్చేస్తుంది.

తొమ్మిదో పని: "బోర్ కొడుతోంది" అన్నప్పుడు

వెంటనే ఏదో ఒకటి చూపించాలన్న తొందర వద్దు. కాసేపు ఓపిక పడితే వాళ్లే ఏదో ఒకటి మొదలుపెడతారు. మీ వంతుగా ఒక అట్టపెట్టె సిద్ధం చేయండి: పాత కాగితాలు, జిగురు, దారం, రంగులు, ఖాళీ డబ్బాలు, గుడ్డముక్కలు. అందులోంచి ఏం చేయాలో మీరు చెప్పకండి.

ఇంటి పనిలో కూడా వాళ్లకు నిజమైన వంతు ఇవ్వండి. ఆరేడేళ్ల వాళ్లు బట్టలు మడతపెట్టగలరు, మొక్కలకు నీళ్లు పోయగలరు. ఎనిమిది, తొమ్మిదేళ్ల వాళ్లు గది ఊడ్చగలరు, గిన్నెలు సర్దగలరు. పది దాటినవాళ్లు మీరు పక్కన ఉండగా చిన్న వంట చేయగలరు. వాళ్లు చేశాక మీరు మళ్లీ సరిచేయకండి. వంకరగా మడతపెట్టిన తువ్వాలు అలాగే బీరువాలో ఉండనివ్వండి.

పదో పని: బడి తెరవడానికి రెండు వారాల ముందు

పడుకునే వేళ, లేచే వేళ రెండూ రెండు మూడు రోజులకోసారి పావుగంట చొప్పున త్వరగా అయ్యేలా జరపండి. గంట తేడాను చివరి రాత్రి ఒక్కసారే సరిచేయబోతే ఎవరికీ నిద్ర పట్టదు.

బూట్లు తొడిగి చూడండి. రెండు నెలల్లో పాదం పెరిగిపోయి ఉంటుంది. బ్యాగు బరువు పిల్లల బరువులో 10 నుంచి 15 శాతం లోపు ఉండాలి. 25 కిలోల పిల్లకైతే మూడుముప్పావు కిలోలు దాటకూడదు. కంటి, పంటి పరీక్షలు, టీకాల రికార్డు, బడిలో ఉంచాల్సిన మందులు ఈ రెండు వారాల్లోనే చూసుకోండి.

కొత్త బడికి మారుతున్న పిల్లలకు ఒకసారి ఆ దారి, ఆ గేటు, వీలైతే టాయిలెట్ ఎక్కడుందో చూపించండి. చిన్నపిల్లల భయాల్లో సగం "టాయిలెట్ ఎక్కడో తెలియదు", "మధ్యాహ్నం ఎవరి పక్కన కూర్చోవాలి" లాంటివే. పెద్దవాళ్లకు అవి చిన్నవిగా అనిపించి అడగరు, పిల్లలు సిగ్గుపడి చెప్పరు. అదే క్లాసులో చేరే ఇంకో పిల్లతో ముందే ఒక సాయంత్రం ఆడించగలిగితే మొదటి రోజు చాలా తేలికవుతుంది.

చివరగా కొత్త టీచర్‌కి అర పేజీ రాయండి. పాత టీచర్ ఆ మూడు ప్రశ్నలకు చెప్పిన జవాబులు, వేసవిలో ఏం మారింది, ఏ విషయంలో భయపడుతుంది, ఏ మాటకు ధైర్యం తెచ్చుకుంటుంది. "తీసివేతలు ఇప్పుడు నమ్మకంగా చేస్తోంది, కానీ తొందరపెడితే గాభరా పడుతుంది" అన్న ఒక్క వాక్యం నాలాంటి టీచర్‌కి ఒక నెల కలిసొచ్చేలా చేస్తుంది. కింద మూడు వరుసలు ఖాళీగా ఉంచి కాగితం మీ పిల్లకు ఇవ్వండి. కొత్త టీచర్‌కి తనేం చెప్పాలనుకుంటుందో తనే రాస్తుంది. అక్షర దోషాలు దిద్దకుండా, మడతపెట్టి బ్యాగు ముందు జేబులో పెట్టండి.